చిన్నమ్మ పాలు, నీలం మందు

కిందటి నెలలో ఒకరోజు పొద్దున లేచి కాలు నేల మీద పెట్టబోతే కుడికాలి బొటనవేలు నిప్పు తొక్కినట్టు మండింది. ఇలాంటి పలకరింపులు మన వయసు వాళ్ళకు కొత్తేమీ కాదు కాబట్టి రెండు రోజులు వేన్నీళ్ళతో, ఇంట్లో ఉన్న తైలంతో సరిపెట్టుకుని, మూడోనాడు ఇక్కడే తిరుపతిలో మా వీధి చివర ఉన్న డాక్టరమ్మ దగ్గరకు కుంటుకుంటూ వెళ్ళాను. ఆ అమ్మాయికి నా మనవరాలి వయసుంటుంది. రక్తపరీక్ష కాగితం చూసి, యూరిక్ ఆమ్లం పెరిగిందని, వాపు తగ్గాక రోజుకొక మాత్ర వేసుకోవాలని చెప్పింది. ఊరికే రాసిచ్చి పంపేసే రకం కాదు. చీటీ వెనక్కి తిప్పి చిన్న బొమ్మ గీసి, మన ఒంట్లో ఒక ఎంజైము ఉంటుందని, ఈ ఆమ్లాన్ని తయారుచేసేది అదేనని, ఈ మాత్ర దాన్ని పనిచేయనివ్వదని చెబుతూ, దాని పేరు "జాంథీన్" అని మొదలుపెట్టగానే "ఆక్సిడేజ్" అని నేను పూర్తిచేశాను. ఆ అమ్మాయి కలం ఆపి, "తాతా, మీరు కెమిస్ట్రీ మాస్టారా?" అంది. కాదమ్మా, పాల కేంద్రంలో పనిచేసినవాణ్ణి అన్నాను. పాలకూ దీనికీ ఏమిటి సంబంధమని అడగలేదు, బయట చాలామంది కాచుకుని ఉన్నారు. అడిగి ఉంటే చెప్పగలిగేవాణ్ణా అంటే, చెప్పలేనేమో. ముప్పై ఏళ్ళు చెప్పవలసిన వాళ్ళకే చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చి అటక మీద పెట్టెలోంచి డైరీలు దింపించాను. పదో తరగతి పరీక్షలు రాసిన ఏడు మొదలుపెట్టిన అలవాటు ఇప్పటికీ ఒక్కరోజు తప్పలేదు. ఎండ ఎంత కాసింది, బస్సు ఎంత ఆలస్యమైంది, ఎవరు వచ్చారు, ఏం మాట్లాడారు అన్నీ ఉంటాయి. నా భార్య బతికున్నప్పుడు, ఇంత రాసేవాడు ఒక్కసారైనా తిరగేసి చదువుకుంటే బాగుపడునని దెప్పేది. ఆమె మాట నిజమే. రాయడం ఒక ఎత్తు, రాసిందాన్ని అర్థం చేసుకోవడం ఇంకో ఎత్తు. నా విషయంలో ఆ రెండింటికీ మధ్య ఐదేళ్ళు గడిచాయి, ఆ ఐదేళ్ళకు మూల్యం చెల్లించింది మా చిన్నమ్మ.

చిన్నమ్మ అంటే మా అమ్మ వెనక పుట్టిన చెల్లెలు. పలమనేరుకు రెండు మైళ్ళ దూరంలో ఆమె ఊరు. మా ఊళ్ళో హైస్కూలు లేదని నాయన నన్ను ఆమె ఇంట్లో వదిలిపెట్టాడు. చిన్నమ్మకూ చిన్నాయనకూ పిల్లలు లేరు. ఆరేళ్ళు వాళ్ళింట్లోనే తిని, వాళ్ళ దొడ్లోనే ఆడుకుని, వాళ్ళ లాంతరు ముందే చదువుకున్నాను. ఆమెకు రెండు ఆవులు. వాటి విషయంలో ఆమె పెట్టే శుభ్రం చూసి ఊరంతా నవ్వేది. పొదుగు వేన్నీళ్ళతో కడిగి, ఉతికిన గుడ్డతో తుడిచి, మొదటి రెండు ధారలు నేలపాలు చేసిగానీ చెంబు కింద పెట్టేది కాదు. పాల క్యానును చింతపండు పెట్టి తోమి, కంచె మీద బోర్లించి, ఎండ తగిలేటట్టు పూటకు రెండుసార్లు తిప్పేది. నాకైతే కాళ్ళు కడుక్కోకుండా దొడ్డి గడప తొక్కే హక్కు లేదు. చిన్నాయన వీధి అరుగు మీద కూర్చుని, "నేను గూడా నాలుగు కాళ్ళతో పుట్టింటే నాకూ వేన్నీళ్ళు కాంచిచ్చేది రా మీ చిన్నమ్మ" అనేవాడు. ఆమె లోపలినుంచే, "పాలిచ్చేట్టుంటే ఇప్పుడైనా కాంచిస్తా రాబ్బా" అనేది.

చదువు అయ్యాక నాకు ఆ దగ్గర్లోనే పాలు చల్లబరిచే కేంద్రంలో పరీక్షలు చేసే ఉద్యోగం వచ్చింది. డెబ్బైల నడుమ సంగతి. చల్లటి మెరక ప్రాంతం కావడంతో సంకరజాతి ఆవులు అక్కడ బాగా నిలదొక్కుకుంటున్న కాలమది. పొద్దున ఆరు కొట్టేసరికి సైకిళ్ళ మీద, నెత్తుల మీద, ఎద్దుబండ్ల మీద క్యాన్లు గేటు దగ్గర వరుస కట్టేవి. చల్లబరిచిన పాలు లారీలో చిత్తూరు దారి పట్టేవి. పాలు పోసే ప్రతివాళ్ళకూ ఒక నెంబరు. చిన్నమ్మది పదిహేడు.

పాలలో క్రిములు ఎంత ఉన్నాయో తెలుసుకునేందుకు మేము చేసే పరీక్షను అందరూ నీలం మందు పరీక్ష అనేవాళ్ళు. పొడుగాటి గాజు గొట్టంలో పాలు పోసి, కొంచెం నీలం మందు కలిపి, రబ్బరు బిరడా బిగించి, ఒంటి వేడి ఉన్న నీళ్ళ తొట్టిలో నిలబెడతాము. క్రిములు పాలలోని ప్రాణవాయువును తినేసేకొద్దీ నీలం రంగు పోయి పాలు మళ్ళీ తెల్లబడతాయి. గంటలకొద్దీ నీలం నిలిస్తే మంచి పాలు, అరగంటలోపే తెల్లబడితే పనికిరాని పాలు. మేము నేర్చుకున్నది ఇంతే, మాకు నేర్పినవాళ్ళకు తెలిసిందీ బహుశా ఇంతే. పనికిరాని పాల నెంబరును గేటు పక్కన నల్లబల్ల మీద సుద్దముక్కతో రాయడం నా పనే. వారంలో మూడుసార్లు బల్లకెక్కితే ఆ నెంబరు రద్దు.

ఇది కాక వెన్న శాతం చూసే పరీక్ష ఒకటుంది. అది రోజూ చేయలేము కాబట్టి, ఒక్కొక్కరికి ఒక్కొక్క సీసా పెట్టి, దాంట్లో ప్రతిరోజూ వాళ్ళ పాలు కొంచెం పోస్తూ, పదిరోజులకొకసారి కలిపి చూసేవాళ్ళం. ఆ పదిరోజులూ పాలు చెడకుండా ప్రతి సీసాలో నాలుగు చుక్కలు ఫార్మలిన్ వేస్తాము, అదే, కళేబరాలు కుళ్ళకుండా ఆసుపత్రుల్లో వాడే ఘాటు మందు. చెక్క చట్రంలో వరుసగా ఆ సీసాలు, వాటి బిరడాల మీద నా చేత్తో రాసిన నెంబర్లు. నా పద్ధతి చూసి పై అధికారి కూడా మెచ్చుకునేవాడు.

ఒక వేసవిలో నీళ్ళతొట్టి లోపలి తట్ట తుప్పుపట్టి కూలి, గాజు గొట్టాలు ముప్పాతిక వంతు పగిలిపోయాయి. కొత్తవి కావాలని రాశాము, రాలేదు. మళ్ళీ రాశాము. మిగిలిన కాసిని గొట్టాలను వంతులవారీగా వాడుతూ రోజుకు కొందరి పాలే పరీక్షించేవాణ్ణి. అయితే పదిహేడో నెంబరును మాత్రం రోజూ పరీక్షించాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. సొంత చిన్నమ్మ పాలని చూసీచూడనట్టు వదిలేస్తున్నాడని ఎవరూ అనకూడదు కదా. రోజూ ఆమెకొక గొట్టం పెడితే ఇంకొకరి వంతు పోతుంది. మన ఇళ్ళల్లో పెళ్ళి జరిగితే ఇంటివాళ్ళది ఎప్పుడూ ఆఖరి బంతే. అరిటాకు చిరిగింది ఉంటే అది మనకు, నిండుది చుట్టాలకు. ఆ అలవాటే నా చేత ఆ పని చేయించింది. మంచి గొట్టాలు బయటివాళ్ళకు పెట్టి, మా చిన్నమ్మ పాలకు మాత్రం చట్రంలో ఉన్న ఆమె పదిహేడో నెంబరు సీసానే ఖాళీచేసి, నీళ్ళతో కడిగి, ఆ బిరడానే బిగించి, నీలం మందు కలిపి తొట్టిలో పెట్టాను. వెన్న పరీక్షకు వేరే సీసా సర్దాను. మన మనిషే కదా, సర్దుకుంటుంది అనుకున్నాను.

ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: పదిహేడో నెంబరు పాలు పద్దెనిమిది నిమిషాల్లో తెలుపు. ఆశ్చర్యం. నెలల తరబడి మధ్యాహ్నం దాకా నీలం నిలిచిన పాలు అవి. ఎండలు ముదిరాయి, రాత్రి పాలు కలిపిందేమో అనుకున్నాను. చేయి వణికినా బల్ల మీద నెంబరు రాశాను. రెండోరోజూ అంతే. గేటు దగ్గర నలుగురూ చూస్తుండగా చిన్నమ్మ క్యాను నా ముందు పెట్టి, ముక్కు మీద వేలేసుకుని అడిగిన తీరు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

"రేయ్ అబ్బయ్యా, నా పాలల్లో క్రిములుండాయంటావా? యాడుండాయో సూపించు. కాంచి సూడు, ఇరిగితే నేనే ఈ బోర్డు మింద నా పేరు గూడా రాసి పోతా."

కాచి చూశాను. విరగలేదు. పులుపు పరీక్ష చేశాను, పులుపు లేదు. వాసన కమ్మగా ఉంది. ఇంకొకటి కూడా చేశాను, అది కూడా డైరీలో ఉంది. కాచి చల్లార్చిన ఆమె పాలనే అదే సీసాలో పోసి నీలం మందు కలిపితే సాయంత్రం దాకా రంగు పోలేదు. చూశారా, కాస్తే క్రిములు చచ్చాయి కాబట్టి నీలం నిలిచింది, అంటే పచ్చిపాలలో క్రిములు ఉన్నట్టేగా అని నాకు నేను నిరూపించుకున్నాను. పాలు విరగలేదన్న మాట, పులుపు లేదన్న మాట పక్క వరుసలోనే నా చేతిరాతలో ఉన్నాయి. ముక్కూ నాలుకా చెప్పిన సాక్ష్యం కంటే గాజులో కనబడిన రంగు గొప్పదనుకున్నాను. మూడోరోజు కూడా నెంబరు రాశాను.

నెంబరు రద్దయింది. అక్కడితో ఆగినా బాగుండేది. మంచి పాలు ఉన్నట్టుండి చెడవు, ఏదో కలుపుతోంది అని గేటు దగ్గర ఎవరో అన్నారు. చెడిపోకుండా మందేదో వేస్తోందని ఇంకొకరు. బావి నీళ్ళా, గంజా, పిండా అని పందేలు. చిన్నమ్మ అది విని రెండురోజులు తినలేదట. మూడోరోజు ఊరిపెద్దల ముందుకు వెళ్ళి, కాణిపాకంలో ప్రమాణం చేస్తానంది. చిత్తూరు సీమలో పుట్టినవాళ్ళకు ఆ మాట బరువు చెప్పనక్కరలేదు. ఎంత మొండి తగాదా అయినా వినాయకుడి ముందు తడిబట్టలతో నిలబడి చెప్పిన మాటతో తీరిపోవలసిందే. అబద్ధపు ప్రమాణం చేస్తే ఇల్లు నిలవదని మనవాళ్ళ నమ్మకం. ఆ భయంతోనే గుడి మెట్ల దాకా వెళ్ళి తిరిగొచ్చి నిజం ఒప్పుకున్నవాళ్ళను నేనెరుగుదును.

నేను కూడా వెళ్ళాను. బస్సులో చిన్నమ్మ నా పక్కనే కూర్చుంది. కోనేట్లో మునిగి, కొప్పులోంచి నీళ్ళు కారుతుండగా, తన పాలలో ఏనాడూ ఏదీ కలపలేదని, పొదుగులోనుంచి వచ్చింది వచ్చినట్టే పోశానని గట్టిగా చెప్పింది. పెద్దలు సంతోషించారు. చిన్నాయన కళ్ళు తుడుచుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవరో శనక్కాయలు కొంటే అందరం పంచుకుని తిన్నాము. ఆ సాయంత్రం నాకు కూడా మనసు తేలికపడిందని డైరీలో ఉంది.

మర్నాడు పెద్దల మాట మీద పై అధికారి పదిహేడో నెంబరుకు ఇంకొక అవకాశం ఇచ్చాడు. ఊళ్ళోంచి పాతికమంది దాకా వచ్చి పరీక్ష గది కిటికీ దగ్గర నిలబడ్డారు. నేను ఆరోజైనా ఒక మంచి గొట్టం తీసి ఉంటే ఈ రాతతో పనే ఉండేది కాదు. కానీ నేను పద్ధతి మనిషిని. మొదట ఏ సీసాలో చేశానో ఇప్పుడూ ఆ సీసాలోనే చేస్తే న్యాయం, సీసా మారిస్తే చిన్నమ్మ కోసం మార్చానంటారు అనుకున్నాను. గడియారం బల్ల మీద పెట్టాను. కిటికీలోంచి చిన్నమ్మ నవ్వుతూ చూస్తోంది. పది నిమిషాలకు అడుగున రంగు పలచబడింది. పద్దెనిమిదో నిమిషానికి సీసా మొత్తం తెల్లగా ఉంది. కిటికీ దగ్గర ఎవరూ అరవలేదు, తిట్టలేదు. ఒక ముసలాయన మాత్రం, "దేవుడి ముందర గూడానా తల్లీ" అని, కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఆయన వెనక నడిచారు.

కల్తీపాలు పోసిందన్న పేరు నాలుగు నెలల్లో పోయేది. దొంగ ప్రమాణం చేసిందన్న పేరు పోయేది కాదు. ఆ ఏడు వానలకు ఆమె పెద్ద ఆవు గొంతువాపు రోగంతో చచ్చిపోతే, ఊరు ఊరంతా వినాయకుడివైపు చూసింది. ఆ రోగంతో ఆ ఏడు ఇంకా ఎన్నో ఇళ్ళల్లో ఆవులు పోయాయి, వాళ్ళెవరూ ప్రమాణం చేసినవాళ్ళు కాదు. అది ఎవరికీ తోచలేదు, డైరీలో ఆ చావులన్నీ రాసుకున్న నాకు కూడా తోచలేదు. ఇంట్లో వాడకానికి పాలు కొనేవాళ్ళు మానేశారు. పెళ్ళిళ్ళలో పాలు కాచే పొయ్యి దగ్గరకు ఆమెను పిలవడం మానేశారు. రెండో ఆవును చిన్నాయన తోలుకుపోయి సంతలో అమ్మేశాడు. ఆ తర్వాత ఇద్దరూ ఎవరివో టమోటా తోటల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. అన్నిటికంటే చేదు సంగతి, ఆవు పోయిన నెలలోనే మా కేంద్రానికి కొత్త గాజు గొట్టాలు వచ్చాయి. గడ్డిలో చుట్టి, చెక్కపెట్టెలో, ఒక్కటి కూడా పగలకుండా వచ్చాయి.

ఎనభైల మొదట్లో నన్ను తిరుపతికి శిక్షణకు పంపారు. మూడువారాలు. పాఠం చెప్పే ఆయన నల్లగా, సన్నగా, ఎప్పుడూ చేతికి సుద్దపొడితో ఉండే మనిషి, మాకంటే నాలుగేళ్ళు పెద్దేమో. ఒక మధ్యాహ్నం అందరికీ నిద్ర ముంచుకొస్తున్న వేళ, ఒక తమాషా చూపిస్తాను లేవండని, రెండు గొట్టాల్లో అప్పుడే పిండిన పచ్చిపాలు, ఇంకో గొట్టంలో కాచిన పాలు పోసి మూడింట్లోనూ నీలం మందు కలిపాడు. పచ్చిపాల గొట్టాల్లో ఒకదాంట్లోనూ, కాచిన పాలలోనూ ఫార్మలిన్ చుక్కలు వేశాడు. మూడూ వేన్నీళ్ళలో పెట్టాడు. ఉత్త పచ్చిపాలు నీలంగానే ఉన్నాయి. కాచిన పాలూ నీలంగానే ఉన్నాయి. ఫార్మలిన్ పడిన పచ్చిపాలు మా కళ్ళముందే తెల్లబడ్డాయి.

"ఇందులో క్రిములెన్ని ఉండాయప్పా?" అని అడిగాడు ఆయన. ముందు వరుసలో ఒకాయన కోట్లు అన్నాడు. "రంగు మార్చేటన్ని లేనే లేవు. పిండి అరగంట గూడా కాలేదు" అని నవ్వాడు ఆయన. నాకు పదిహేడో నెంబరు సీసా గుర్తొచ్చింది. ఆ తర్వాత ఆయన చెప్పినదంతా నోట్సు రాసుకున్నాను, ఆ కాగితం ఇప్పటికీ డైరీలో మడతపెట్టి ఉంది. తాజా పాలలోనే పుట్టుకతో ఒక ఎంజైము ఉంటుందట. ఫార్మలిన్ దొరికితే దాని దగ్గరనుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని నీలం మందుకు ఇచ్చేస్తుందట. అవి అందుకున్న నీలం తన రంగు పోగొట్టుకుంటుంది. కాస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది కాబట్టి రంగు నిలుస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఎవరో విదేశీ శాస్త్రవేత్త, పచ్చిపాలను కాచిన పాలనుంచి వేరుపట్టడానికి ఈ తమాషానే వాడాడట. అప్పట్లో దాన్ని పాలకున్న ఒక గుణం అనుకున్నారు. కొన్నేళ్ళ తర్వాత ఇంకెవరో వేరేచోట, కాలేయంలో యూరిక్ ఆమ్లం తయారుచేసే ఎంజైమును వెతుకుతూ పోతే, అది పాలలోనూ దొరికింది. రెండూ వేరు వేరని చాలాకాలం వాదించుకున్నారు. చివరికి రెండూ ఒకటేనని, జాంథీన్ ఆక్సిడేజేనని తేల్చి, ఫార్మలిన్ దానికి అసలు ఆహారం కాదని, ఎదురుపడింది కాబట్టి అందుకుందని ఒప్పుకున్నారు. ఏ చేత్తో తీసుకుంటుంది, ఏ చేతికి ఇస్తుంది అన్నది మాత్రం ఇంకా తేలలేదు, రేపు ఇంకొకరు వచ్చి నేను చెప్పింది తప్పనవచ్చు, అప్పుడు మీరు ఈ నోట్సు కొట్టేసి కొత్తది రాసుకోండి అన్నాడు ఆయన. అందరూ నవ్వారు.

నెలల తరబడి ఫార్మలిన్ పీల్చుకున్న రబ్బరు బిరడా ఉత్తనీళ్ళతో కడిగితే పోతుందా? ఆ ఆదివారమే బస్సెక్కి తిరిగి వచ్చి, ఎవరూ లేని కేంద్రంలో నా చేత్తో నేను చేసి చూశాను. అప్పుడే పిండిన పాలు కొత్త గొట్టంలో పోస్తే మధ్యాహ్నం దాకా నీలం. అవే పాలు చట్రంలోని పాత సీసాలో పోసి పాత బిరడా బిగిస్తే పావుగంట దాటిన కాసేపటికే తెలుపు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ రాసుకున్నాను. చిన్నమ్మ పాలను పట్టించింది వాటిలో ఉన్న చెడు కాదు, తాజాదనం. కాస్తే నీలం నిలిచిందని నేను నిరూపణ అనుకున్నది కూడా ఆమె తరఫు సాక్ష్యమే. మందు కలిపిందని ఊరు అన్న మాట కూడా అక్షరాలా నిజమే. కలిపింది నేను.

సోమవారం పై అధికారికి డైరీ, సీసా రెండూ చూపించాను. ఆయన చెడ్డవాడు కాదు. గది తలుపు దగ్గరకు వేసి, "ఇప్పుడు దీన్ని బయట పెడితే ఏమవుతుందో తెలుసునాప్పా నీకు? ఇన్నేళ్ళల్లో బోర్డు మింద రాసినోళ్ళంతా రేపు గేటు కాడ ఉంటారు. నీ ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది. ఆయమ్మకు మళ్ళా నెంబరిస్తాం, పాలు పొయ్యమను. సల్లగా పోనీ" అన్నాడు. నాకప్పుడు ఇద్దరు బిడ్డలు, పెద్దదానికి ఐదేళ్ళు. నెంబరు తిరిగిస్తే చాలదా అని దారిపొడుగునా అనుకుంటూ చిన్నమ్మ ఊరికి నడిచాను.

ఆమె తోటనుంచి అప్పుడే వచ్చి, టమోటా ఆకుల పసరు అంటిన చేతులు కడుక్కుంటోంది. పాలు లేని కాఫీ ఇచ్చింది. పాలు ఎందుకు లేవో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. నేను అంతా విడమరిచి చెప్పాను, ఎంజైము, ఫార్మలిన్, బిరడా, అన్నీ. చిన్నాయన గోడకు ఆనుకుని నేల గీస్తూ కూర్చున్నాడు. నేను ముగించాక, మళ్ళీ నెంబరు ఇస్తారని చెప్పాక, ఆమె నా వైపు తిరిగింది.

"నెంబరేం సేసుకోను నాయనా, ఆవులు యాడుండాయి? నేను నీళ్ళల్లో మునిగి సెప్పినాను. నువ్వు మునగొద్దు, గట్టు మింద నిలబడి సెప్పు సాలు. ఆ పాతికమందిని పిలిసి, మా సిన్నమ్మది నిజమే, తప్పు నాది అని ఒక్క మాట."

చిన్నమ్మా, ఉద్యోగం పోతుంది అన్నాను.

ఆమె చాలాసేపు నా వైపే చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఆరేళ్ళు అన్నం పెట్టిన పిల్లవాడు ఇతనేనా అని గుర్తుపట్టడానికి చూస్తున్నట్టు చూసింది. "సరే పో. బిడ్డలు గలవాడివి. కాఫీ సల్లారిపోతాండాది, తాగు" అంది. తాగాను. ఆ కాఫీ తాగి లేచి వచ్చానని కూడా డైరీలో రాసి ఉంది.

వెళ్తాను, చెబుతాను అనుకుంటూనే ఏళ్ళు గడిచాయి. బిడ్డల చదువులయ్యాక అనుకున్నాను, బదిలీ అయ్యాక అనుకున్నాను, రిటైరయ్యాక అనుకున్నాను. పై అధికారి కాలం చేశాడు, ఆ కేంద్రమూ మూతపడింది. ఇక పోయే ఉద్యోగం లేదు, అయినా వెళ్ళలేదు. అప్పటికి భయం ఉద్యోగం గురించి కాదు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారని. ఆలస్యం చేసినకొద్దీ ఒక తప్పు రెండు తప్పులవుతుంది, రెండోది మొదటిదానికంటే పెద్దది. చిన్నాయన ముందు పోయాడు. రెండేళ్ళకు చిన్నమ్మ. పిల్లలు లేనివాళ్ళు కాబట్టి ఇద్దరికీ కర్మ చేసింది నేనే. చిన్నమ్మ పదకొండోనాడు, పిండాలు పెట్టి తలస్నానం చేసి వచ్చి కూర్చుంటే, ఆ రోజు కిటికీ దగ్గర నిలబడినవాళ్ళలో ఒకాయన, నాకంటే కొంచెం పెద్దాయన, పక్కన చేరి నా భుజం మీద చేయి వేశాడు. ఓదార్చాలనే వచ్చాడు పాపం.

"మీ సిన్నమ్మ మంచి మనిషేబ్బా. ఆ పాల కాడ, ఆ ప్రమాణం కాడ ఒక్కటే బుద్ధి తప్పింది. దేవుడు గూడా ఈపాటికి మన్నించుంటాడులే."

నేను తల ఊపాను. కాదు అనడానికి అక్కడ నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు. అయినా తల ఊపాను. ఆయన తృప్తిగా లేచి భోజనానికి వెళ్ళాడు.

ఇప్పుడు కాలం చాలా మారింది. పాల కేంద్రాల్లో యంత్రం ముందు చెంచాడు పాలు పెడితే నిమిషంలో లెక్కలన్నీ చీటీ మీద అచ్చయి వస్తాయి, నల్లబల్ల లేదు, సుద్దముక్క లేదు, తప్పు జరిగితే చూడవలసిన మనిషి ముఖం కూడా లేదు. ఆ ఎంజైము గురించి కూడా లోకం ఎన్నో మాటలు మార్చుకుంది. మొదట పాల గుణమన్నారు, తర్వాత యూరిక్ ఆమ్లపు దోషి అన్నారు, ఆ తర్వాత ఆగిన రక్తం తిరిగి పారేటప్పుడు గుండెకు హాని చేసేది ఇదేనని అనుమానించారు. పాలలో అది దూడ కడుపును క్రిములనుంచి కాపాడటానికే ఉందేమోనని ఈ మధ్య ఎక్కడో చదివాను. తెలిసినవాళ్ళు తప్పు తెలియగానే పాతమాటను అందరి ముందూ కొట్టేసి కొత్తమాట రాశారు, వాళ్ళ పరువేమీ తగ్గలేదు. నేను కొట్టేయవలసింది ఒక్కటే మాట. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను, పదిహేడో నెంబరు పాలు మంచివి, ఆమె ప్రమాణం నిజం. రాయడానికి చేయి ఏమీ వణకలేదు. వణకడానికి ఏముంది, ఆ పాతికమందిలో దీన్ని చదవడానికి ఒక్కరూ మిగల్లేదు, ఆఖరివాడు పోయిన కబురు కూడా కిందటేడు డైరీలో రాసుకున్నాను.